మయొనైజ్ విరిగితే పారబోయకు

చెల్లెమ్మా, బరంపురంలో మీ ఇంట్లో రెండుసార్లు మయొనైజ్ విరిగి నూనె పైకి తేలిందనీ, గుడ్లు పాడైనవేమోననీ రాశావు. గుడ్ల తప్పేం లేదు. కప్పు నూనె ఒక్కసారే పోసి మిక్సీ వేశానన్నావు చూడు, అక్కడే దెబ్బతింది.

పచ్చసొనలో లెసిథిన్ ఉంటుంది. దాని అణువుకి ఒక కొస నూనెను, రెండో కొస నీటిని పట్టుకుంటుంది. నూనె సన్నటి చుక్కలుగా చిలికితే ఒక్కో చుక్క చుట్టూ చేరి, అవి మళ్లీ ఒకటైపోకుండా ఆపుతుంది. నూనె ఒక్కసారే పడితే చుక్కలు చిట్లే లోపే కలిసిపోతాయి. గ్రీకులో పచ్చసొనకున్న మాట మీదే 1850లో గోబ్లే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీనికి లెసిథిన్ అని పేరు పెట్టాడు. చాక్లెట్ కాగితం మీద పదార్థాల జాబితాలో కనిపించే 322 అనే సంఖ్య కూడా దీనిదే.

విరిగినదాన్ని పారబోయకు, నూనె ఖరీదు నాకూ తెలుసు. ఫ్రిజ్‌లోంచి ముందే తీసిపెట్టిన గుడ్డు పచ్చసొన ఒకటి వేరే గిన్నెలో వేసుకో. బెసరకి, అదే ఒడియావాళ్ల ఆవపెట్టిన కూరకి, ఆవాలు నూరతారు కదా, వెల్లుల్లి పడకముందే అర చెంచా ముద్ద తీసి ఇందులో కలుపు. ఆవాల జిగురు కూడా చుక్కల్ని పట్టి ఉంచుతుంది. ఎక్కువైతే మాత్రం చేదు. ఇప్పుడు విరిగినదాన్ని చుక్క చుక్కగా వేస్తూ గిలక్కొట్టు. కవ్వం గీత చెరగకుండా నిలిచాక సన్నటి ధారగా పోయొచ్చు. నిమ్మరసం చివర్లో.

పచ్చిగుడ్డు కాబట్టి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి ఆ రోజే తినేయండి. చంటిపిల్లలకీ, గర్భిణులకీ పెట్టొద్దమ్మా.