పొడపత్రి చూర్ణం వాడుతూ షుగరు మాత్రలు మానవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. షుగరుకు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నారు. తెలిసినవారు చెప్పారని మూడు వారాలుగా పరగడుపున చెంచాడు పొడపత్రి చూర్ణం నీళ్లలో కలుపుకుని తాగుతున్నారు. పరగడుపు షుగరు 168 నుంచి 121కి దిగింది. కానీ పదకొండు గంటల వేళకు చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి. ఇక మాత్రలు మానేయవచ్చా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మాత్రలు సొంతంగా మానవద్దు. చూర్ణాన్ని మాత్రం ఈ రోజే ఆపించి, నాన్నగారిని రేపే డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లండి. మీరు రాసిన చెమటలు, వణుకు రక్తంలో చక్కెర మరీ పడిపోయినప్పుడు కనిపించే లక్షణాలు. ఆ సమయంలో గ్లూకోమీటరుతో చూస్తే 70 కంటే తక్కువ ఉండే అవకాశం ఉంది. గ్లిమెపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తుంది. పొడపత్రి కూడా కొంతవరకు అదే పని చేస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు కనుక రెండూ కలిస్తే చక్కెర అవసరానికి మించి దిగవచ్చు.

పొడపత్రిని నేను తక్కువ చేయడం లేదు. దానికి మధునాశిని అన్న పేరు ఊరికే రాలేదు. పచ్చి ఆకును కాసేపు నమిలి, చిటికెడు పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక పలుకుల్లా తగులుతుందే తప్ప తీపి తెలియదు. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే భాగాలను కొద్దిసేపు అడ్డుకోవడమే ఇందుకు కారణం. మద్రాసు పరిశోధకులు 1990లో ప్రచురించిన అధ్యయనంలో 22 మంది టైప్-2 రోగులు తమ మాత్రలతో పాటు రోజుకు 400 మిల్లీగ్రాముల పొడపత్రి సారాన్ని 18 నుంచి 20 నెలలు వాడగా చక్కెర తగ్గింది, ఐదుగురు మాత్రలు మానగలిగారు. అయితే వారు వాడింది కొలిచి ఇచ్చిన సారం. మాత్రలు తగ్గించింది పరీక్షలు చూసుకుంటూ. విడిగా కొన్న చూర్ణం చెంచాడులో మందు ఎంత ఉందో ఎవరు చెప్పగలరు? పైగా 22 మంది అనుభవంతో అందరికీ వర్తించే నిర్ణయం చేయలేము.

పొడపత్రి వాడాలనే కోరిక ఉంటే డాక్టరుగారితో దాచకుండా చెప్పండి. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష సుమారు మూడు నెలల చక్కెర సగటును చూపుతుంది కాబట్టి ఒక్క 121ని చూసి మందులు మార్చుకోకూడదు.

ఇంకొక మాట. మళ్లీ వణుకు వస్తే, నాన్నగారు స్పృహలో ఉండి మింగగలిగితే, వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు షుగరు మళ్లీ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయండి. చూర్ణం తాగిన కాసేపటికే వణుకు వచ్చి ఉంటే ఆ పంచదార నీళ్లు ఆయనకు చప్పగా అనిపించవచ్చు. తీపి లేదని పక్కన పెట్టనివ్వకండి. నాలుకకు తెలియకపోయినా ఆ చక్కెర రక్తంలో చేరుతుంది.