బల్బు వెలిగితే ఎర్త్ ఉన్నట్టు కాదు

చిరంజీవి మహేశ్‌కు,

ఫేజు నుంచి ఎర్త్ మీదుగా కరెంటు తిరిగొచ్చే దారి (లూప్) మొత్తం ఎన్ని ఓమ్‌లో కొలిచే మీటరు, అదే లూప్ టెస్టర్, కొన్నావని మీ అమ్మ చెప్పింది. మంచి పని చేశావు అల్లుడూ. అయితే మీటరు నంబరు మాత్రమే చూపిస్తుంది. అది మంచిదో చెడ్డదో నువ్వే తేల్చుకోవాలి.

మన అనంతపురంలో ఎర్త్ ఉందా అని అడిగితే చాలామంది టెస్ట్ బల్బు తీసుకొచ్చి ఒక వైరు ఫేజులో, ఇంకొకటి ఎర్త్ పిన్నులో పెట్టి "వెలిగింది కదా సార్" అనేసి పోతారు. వంద వాట్ల బల్బు వెలిగేటప్పుడు దాని రెసిస్టెన్స్ దాదాపు 530 ఓమ్‌లు. ఎర్త్ దారిలో ఇంకో 50 ఓమ్‌లు ఉన్నా బల్బుకు 210 వోల్టులు అందుతాయి, ధగధగా వెలుగుతుంది. అదే ఇంట్లో గీజరు బాడీకి ఫేజు తగిలితే పారేది నాలుగున్నర ఆంప్స్. కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చి ఉంటుందే, ఆ 16 ఆంప్స్ ఎంసీబీకి అదొక లెక్క కాదు. పడదు. తడికాళ్లతో బాత్‌రూమ్‌లోకి వచ్చినవాళ్ల సంగతి నువ్వే ఆలోచించు.

సీ టైపు 16 ఆంప్స్ ఎంసీబీ తక్షణం పడుతుందని నమ్మకంగా చెప్పాలంటే 160 ఆంప్స్ పారాలి. అంటే 230 వోల్టులకు లూప్ మొత్తం 1.4 ఓమ్‌లు దాటకూడదు. ఇంటి దగ్గర గుంత తీసి నేలలో పాతిన ఎర్త్‌తో, అంటే గుంత ఎర్తింగ్‌తో, మన నేలలో అది దాదాపు అయ్యే పని కాదు. ఐదు ఓమ్‌లు వస్తే మంచి గుంతే, కానీ పారేది 46 ఆంప్సే. అందుకే ఎర్త్‌లోకి కాస్త కరెంటు కారినా పడిపోయే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించమని ఇంటివాళ్లకు చెప్పు. ఖర్చని గొణిగినా వదలొద్దు.

ఇక కొలిచే పని. ముందు మెయిన్ ఆపి, కరెంటు లేదని చూసుకొని, ప్రతి సాకెట్ ఎర్త్ పిన్ను నుంచి బోర్డులోని ఎర్త్ బార్ దాకా కంటిన్యుటీ చూడు, అంటే వైరు ఎక్కడా తెగకుండా ఉందా అని. ఎర్త్ తెగి ఉన్నప్పుడు లూప్ టెస్ట్ చేస్తే, ఆ కాసేపు దానికి కలిసిన బాడీలన్నిటికీ కరెంటు రావచ్చు. పిల్లల్ని దూరంగా ఉండమను. ఆర్‌సీసీబీ ఉంటే నీ మీటరును నో-ట్రిప్ మోడ్‌లో పెట్టు, లేకపోతే ప్రతిసారీ ఆర్‌సీసీబీ పడి ఇంటివాళ్లు విసుక్కుంటారు. బోర్డుకు అన్నిటికంటే దూరంగా ఉన్న సాకెట్‌ను తప్పకుండా కొలువు. రీడింగ్ ఊగుతుంటే మూడు నాలుగుసార్లు తీసుకో.

రీడింగ్ వందల ఓమ్‌లలో వస్తే గుంత దగ్గరికే పో. గుంతలో వేసిన ఉప్పు తిని తిని జీఐ వైరు (జింకు పూత పూసిన ఇనుప వైరు) దారంలా సన్నబడి ఉంటుంది, క్లాంపు బోల్టు మీద తెల్లటి పొక్కు కట్టి ఉంటుంది. గీకి, కొత్త బోల్టు వేసి మళ్లీ కొలువు.

చాలా తక్కువ వచ్చినా అనుమానించు. గుంత ఎర్తింగ్ ఇంట్లో 0.8 చూపిస్తే సంబరపడొద్దు. ఏ సాకెట్లోనో న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు ముక్క వైరుతో కలిపి ఉంటారు. అప్పుడు బల్బూ వెలుగుతుంది, మీటరూ బాగుందంటుంది. కానీ స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజున ఫ్రిజ్, గ్రైండర్ అన్నీ షాక్ కొడతాయి. ఆర్‌సీసీబీ ఊరికే పడుతోందని తీసేయించిన ఇళ్లలో ముందు ఇదే వెతుకు. ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ తెంచే మెయిన్ స్విచ్చి ఆపి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కంటిన్యుటీ చూస్తే దొరికిపోతుంది.

ఇంకొకటి. వానలు పడ్డాక కొలిస్తే ఎట్లాంటి గుంతైనా పాసవుతుంది. మే నెలలో కొలువు. నువ్వు వస్తున్నావని తెలిసి కొందరు పొద్దున్నే గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోసి పెడతారు. అట్లాంటప్పుడు కొలవకుండా ఇంకో రోజు చెప్పకుండా పో. రీడింగు, నెల, ఏ సాకెట్ అన్నది బోర్డు తలుపు లోపల మార్కర్‌తో రాసిపెట్టు, మళ్లీ ఎవరు వచ్చినా పోల్చుకోవడానికి ఉంటుంది.

మీ మామ