‘అహం’ దెబ్బతిన్నదా, ‘తాను’ సడలిందా?

సందేహం: మానసిక రోగుల కుటుంబ సభ్యుల కోసం ఒక కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో ‘సైకోసిస్ వచ్చినవారు అహం దెబ్బతిని భ్రాంతులకు లోనవుతారు’ అని రాశాను. (సైకోసిస్ అంటే వాస్తవంతో సంబంధం సడలే మానసిక స్థితి.) ‘అహం’ కుదరదు, ‘ఆత్మ’ అనాలని ఒకరు, ‘వ్యక్తిత్వం’ అనాలని మరొకరు అంటున్నారు. ఏది సరైనది?

సమాధానం: మూడూ వద్దు. సంస్కృతంలో ‘అహం’ అంటే ‘నేను’ అనే అర్థం, నిజమే. కానీ నేటి తెలుగులో ‘అతని అహం దెబ్బతిన్నది’ అంటే అభిమానానికి దెబ్బ తగిలిందని. మీ కరపత్రం చదివిన తల్లి, గర్వభంగం జరిగినందువల్లే బిడ్డకు ఈ జబ్బు వచ్చిందనుకుంటే ఆ తప్పు ఆమెది కాదు, మాటది. ‘ఆత్మ’ ఇంకా ప్రమాదం. ఆత్మవిశ్వాసం వంటి సమాసాల్లో ఆ మాట ‘తాను’ అనే అర్థాన్నే ఇస్తుంది. విడిగా వాడితే మాత్రం వేదాంతమో, దయ్యమో గుర్తుకొస్తుంది. ఎవరివో గొంతులు వినిపిస్తున్నాయని చెప్పే మనిషి ఇంట్లో ఆ మాట పెట్టడం ఎంత చేటో మీరే ఊహించగలరు. ఇక ‘వ్యక్తిత్వం’ అనేది స్వభావాన్ని, నడవడికను చెప్పే మాట. పైగా సైకోసిస్ కనిపించే జబ్బుల్లో ఒకటైన స్కిజోఫ్రీనియా అంటే ఒకే మనిషిలో ఇద్దరు ఉండటమనే అపోహకు అది ఊతమిస్తుంది. 1908లో స్విస్ మనోవైద్యుడు బ్లాయిలర్ ఆ పేరును ‘చీలిక’, ‘మనసు’ అనే అర్థాలున్న గ్రీకు మాటలతో కట్టాడు. ఆయన దృష్టిలో చీలేది ఆలోచనకూ భావోద్వేగానికీ మధ్య ఉండే పొందిక.

మరి దెబ్బతినేది ఏమిటి? పేరు, వయసు, చదువు, గడిచిన జీవితం ఇవన్నీ కలిపి మన గురించి మనం చెప్పుకునే కథ ఒకటి ఉంటుంది. చాలామంది రోగులు ఆ కథను తడబడకుండా చెప్పగలరు. దానికి అడుగున, మాటలు లేని మరొక పొర ఉంది. ఈ చెయ్యి కదిపింది నేనే, ఈ తలపు నాదే అని ఎవరూ చెప్పకుండానే తెలిసే తెలివిడి అది. జర్మన్ మనోవైద్యుడు, తాత్వికుడు కార్ల్ యాస్పర్స్ 1913లోనే ‘నేను’ అన్న ఎరుకలో నాలుగు అంశాలను గుర్తించాడు: చేసేది నేనే, నేను ఒక్కరినే, నిన్న ఉన్నదీ నేడు ఉన్నదీ నేనే, నాకూ బయటి లోకానికీ నడుమ హద్దు ఉంది. మొదటిది సడలితే ‘నా చేత ఎవరో చేయిస్తున్నారు’ అనిపిస్తుంది. హద్దు చెరిగితే తన ఆలోచనలు అందరికీ తెలిసిపోతున్నాయని అనిపిస్తుంది. 2003లో సాస్, పార్నాస్ అనే ఇద్దరు పరిశోధకులు స్కిజోఫ్రీనియాకు మూలం ఈ అడుగు పొర చెదరడమేనని ప్రతిపాదించారు. దానికి వారు వాడిన ‘ఇప్సేయిటీ’ అనే పదం లాటిన్ ‘ఇప్సే’ నుంచి వచ్చింది. ఇప్సే అంటే ‘తానే’!

కాబట్టి నేను ‘తానన్న ఎరుక’ అంటాను. మన భాషలో ఈ ఎరుక నామవాచకాలకన్నా క్రియల్లోనే ఎక్కువగా కాపురముంది. ‘అనుకున్నాను’ అన్న మాటను విప్పి చూడండి. అను, దాని పక్కన కొను. తనకు తాను చెప్పుకోవడమే ఆలోచించడం అని తెలుగు ఎప్పుడో పసిగట్టింది. లోపలి మాటే తనదని గుర్తుపట్టలేనప్పుడు పరాయి గొంతుగా వినిపిస్తుందని, గొంతులు వినిపించడానికి శాస్త్రజ్ఞులు ఇచ్చే వివరణల్లో ఒకటి. తెలుగులో చెప్పాలంటే ‘కొను’ జారిపోతుంది, ‘అనుకున్నాను’ కాస్తా ‘అన్నారు’ అవుతుంది. ఈ పోలిక నాకు తట్టిన రోజున చాలాసేపు మరో పని చేయలేకపోయాను.

అయితే వ్యాకరణాన్ని బట్టి జబ్బును నిర్ణయించకూడదు. ‘నాకో ఆలోచన వచ్చింది’ అని మనమందరం అంటాం. అక్కడ ఆలోచనే కర్త, నేను ‘నాకు’గా మిగిలాను. అంతమాత్రాన ఆలోచన పరాయిదైపోదు. ‘అది నాది కాదు, నా తలలో ఎవరో పెట్టారు’ అన్నప్పుడే వైద్యులు చెవి నిక్కించి వింటారు.

మీ వాక్యంలో మరొక చిక్కు ‘దెబ్బతిని’ అనే క్త్వార్థకం, అంటే ఒక పని ముగిశాక మరొకటి జరిగిందని చెప్పే క్రియారూపం. ‘వాన తగ్గి ఎండ కాసింది’లో అది వరుసను మాత్రమే చెబుతుంది. ‘జారి పడ్డాడు’లో కారణం కూడా తోస్తుంది. మీ వాక్యంలో చదువరికి తోచేది కారణమే. ఎరుక సడలడానికీ లక్షణాలకూ దగ్గరి సంబంధం ఉన్నదన్నది నిజం. ఏది దేనికి కారణమన్నది ఇంకా చర్చలోనే ఉంది. అందుకని ఇలా మార్చండి: ‘సైకోసిస్‌లో తానన్న ఎరుక సడలవచ్చు. తన ఆలోచన తనదిగా తోచకపోవచ్చు. లేని గొంతులు వినిపించవచ్చు. ఎంత చెప్పినా సడలని తప్పు నమ్మకాలు ఏర్పడవచ్చు.’ ‘భ్రాంతులు’ అన్న మాటను కావాలనే తీసేశాను. తాడును చూసి పామనుకోవడం భ్రాంతి, అక్కడ తాడైనా ఉంది. గొంతులు వినిపించేవారికి ఎదుట ఏమీ ఉండదు.

కరపత్రంలో రోగుల మాటలు ఉదహరిస్తుంటే ‘అట్టు’ను జాగ్రత్తగా కాపాడండి. ‘నా ఆలోచనలు పైకి వినిపిస్తున్నట్టుంది’ అనే మనిషికి అది అనుభూతి మాత్రమేనన్న తెలివిడి ఉంది. ‘వినిపిస్తున్నాయి’ అని తేల్చి చెప్పే మనిషి ఆ గీత దాటాడు. తొలిదశలో చాలామంది ‘అట్టు’తోనే మాట్లాడతారు, ఎలా చెప్పాలో తెలియక తడుముకుంటారు. వాక్యం నున్నగా ఉంటుందని అనువాదకులు ఆ రెండక్షరాలను తొలగిస్తే, రోగి చెప్పని మాటను రోగి నోట పెట్టినట్టవుతుంది.