మూత మూసి తెరిస్తే ఎస్‌ఎస్‌డీ మాయమా? కొత్తది కొనే ముందు ఇది చూడండి

మీరు అడిగింది ఇదీ: రైజన్ ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేశారు. మూత మూసి తెరిస్తే ఏదీ కదలదు, ఎన్‌వీఎంఈ డిస్కు (పీసీఐ దారిలో తగిలించే ఎస్‌ఎస్‌డీ) కనబడదు, రీబూట్ చేస్తే మళ్ళీ మామూలే. ఎస్‌ఎస్‌డీ పోయినట్టేనా అని.

అప్పుడే డబ్బులు తీయకండి. నేను అలా తీయించి మాట పడ్డాను.

మాది పర్లాకిమిడిలో రిపేరు కొట్టు. బోర్డు ఒడియాలో, బేరం తెలుగులో. 2021 చివర్లో పాతపట్నం నుంచి ఒక మాస్టారు అచ్చం ఇదే గోలతో వచ్చారు. కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి పంపాను. మర్నాడు పొద్దున్నే మళ్ళీ కొట్టు ముందున్నారు. "బాబూ, ఇది కూడా లేవడం లేదు!"

సిస్టమ్ ఉన్న డిస్కే మాయమైతే లాగ్ రాసుకోవడానికి చోటుండదు కదా. అందుకని పెన్‌డ్రైవ్ మీంచి బూట్ చేసి, నిద్రపుచ్చి లేపాను. డీమెస్గ్‌లో, అంటే లినక్స్ లోపల రాసుకునే లాగ్‌లో, కంట్రోలర్ డౌన్ అని, పక్కన సీఎస్‌టీఎస్ (డిస్కు స్థితి చెప్పే రిజిస్టరు) విలువలో వరసగా ఎనిమిది ఎఫ్‌లు. పీసీఐలో, అంటే డిస్కుని బోర్డుకి కలిపే దారిలో, అవతల పలికేవాళ్ళు లేకపోతే చదివిన ప్రతి బిట్టూ ఒకటిగానే వస్తుంది. అంటే డిస్కు తప్పుడు జవాబు చెప్పడం లేదు, అసలు పలకడమే లేదు.

ఎన్‌వీఎంఈ డిస్కు ఉందని డ్రైవర్‌కి ఫర్మ్‌వేర్ (బయోస్) చెప్పక్కర్లేదు. పీసీఐ మీద అదే తన క్లాస్ కోడ్ 010802 చెప్పుకుంటుంది. (చవక ట్యాబ్లెట్లలోని ఈఎంఎంసీ అనే స్టోరేజ్ చిప్ అలా కాదు, దాని కంట్రోలర్ ఊరూ పేరూ చాలాసార్లు ఏసీపీఐ టేబుల్లోనే, అంటే బయోస్ సిస్టమ్‌కి ఇచ్చే హార్డ్‌వేర్ చిట్టాలోనే, ఉంటాయి.) కానీ నిద్రలో కరెంటు తీస్తారా, ఉంచుతారా అన్నది డిస్కుకి తెలీదు. అది బోర్డు చేసినవాడు చెప్పాలి. అందుకు ఏసీపీఐలో, డిస్కు తగిలించిన రూట్ పోర్ట్ (బోర్డు వైపు పీసీఐ కొస) కింద, డీఎస్‌డీ అనే చోట స్టోరేజ్‌డీ3ఎనేబుల్ అని ఒక గుర్తు పెడతారు. విలువ 1 అయితే డ్రైవర్ డిస్కుని పూర్తిగా సర్దేసి డీ3 స్థితిలోకి, అంటే గాఢనిద్రలోకి, పంపుతుంది. గుర్తు లేకపోతే కరెంటు ఉంటుందిలే అనుకుని చిన్న కునుకులో వదిలేస్తుంది.

రైస్ మిల్లు ఉన్నవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. లైన్‌మన్ ముందే కేకేస్తే మోటారు ఆపుకుంటాం. చెప్పకుండా ఫ్యూజు పీకితే బియ్యం సగంలో ఇరుక్కుంటాయి.

రెనోయర్ తరం (ఎక్కువగా 4000 వరస) రైజన్‌లలో మూత మూస్తే వచ్చే ఈ నిద్రకి డిస్కు డీ3లోకి వెళ్ళి తీరాలి. అయితే ఆ ల్యాప్‌టాప్‌లు చాలావరకు బజారుకొచ్చాకే ఈ గుర్తు పుట్టింది, బయోస్‌లో ఎలా ఉంటుంది? మాస్టారి మెషీన్‌లో ఏసీపీఐడంప్‌తో టేబుళ్ళు తీసి, ఐఏఎస్‌ఎల్‌తో విప్పి వెతికాను. ఎక్కడా లేదు. కంపెనీ బయోస్ అప్‌డేటూ ఇవ్వలేదు.

2021లోనే లినక్స్ వాళ్ళు దీనికి విరుగుడు పెట్టారు: ఆ ప్రాసెసర్లు కనబడితే గుర్తు లేకపోయినా ఉన్నట్టే లెక్క. మాస్టారిది 5.11 కెర్నల్ (లినక్స్ గుండెకాయ). 5.15కి మార్చాక కొట్లోనే పదిసార్లు మూత వేసి తీశాను, పాత డిస్కుతోనే. కొత్తదాని డబ్బులు వాపసిచ్చేశాను.

కాబట్టి ముందు మీ కెర్నల్ ఏదో చూడండి, తర్వాత బయోస్ అప్‌డేట్ ఉందేమో వెతకండి. రెండూ కొత్తవే అయినా డిస్కు లేవకపోతే గుర్తే తప్పుగా పడి ఉండొచ్చు. అప్పుడు ఎన్‌వీఎంఈ డ్రైవర్‌కి nvme.noacpi=1 అని బూట్ లైన్లో ఇచ్చి చూడండి, ఆ టేబుల్ మాట వినడం మానేస్తుంది.