హ్యారీ పాటర్ లాంటి నవలలు పిల్లల స్వభావాన్ని నిజంగా మారుస్తాయా?

మారుస్తాయి, కానీ చదివినంత మాత్రాన కాదు. 2014లో వెలువడిన ఒక ఇటలీ అధ్యయనంలో ఐదో తరగతి పిల్లలు 34 మందికి ఆరు వారాలపాటు హ్యారీ పాటర్ భాగాలు చదివించి, చర్చ పెట్టారు. కొందరికి పుట్టుకను బట్టి మనిషిని హీనంగా చూసే సన్నివేశాలు, మిగతావాళ్లకి మామూలువి. వలస కుటుంబాలపై అభిప్రాయం మెరుగుపడింది మొదటి జట్టులోనే, అదీ హ్యారీలో తమను చూసుకున్న పిల్లల్లోనే. ముప్పైనాలుగు మందే కదా, వేదవాక్కు అనుకోనక్కర్లేదు.

అసలు పని చేసేది ఆ చర్చే అని నా అంచనా. "ఇందులో నీతేంటి?" అంటే పిల్లలు బిగుసుకుపోతారు. "హ్యారీ స్నేహితురాలు హెర్మయినీని పుట్టుక పేరుతో తిట్టినప్పుడు నువ్వు పక్కనుంటే ఏం చేసేవాడివి?" అని అడగండి, నోరు విప్పుతారు.

ఇంకో చిక్కు వేగం. ఏడు పుస్తకాలూ 1997 నుంచి 2007 దాకా వచ్చాయి, తొలి పాఠకులు హ్యారీతోపాటే ఎదిగారు. ఇప్పుడు ఒక్క వేసవిలోనే అన్నీ లాగించేస్తున్నారు. నాలుగోదాంట్లో తోటి విద్యార్థి హత్యకు గురవుతాడు; ఎనిమిదేళ్లవాళ్లయితే మూడోది అయ్యాక ఓ ఏడాది ఆపడం మేలు. పెద్దయ్యాక మళ్లీ చదివితే హ్యారీ బడి ప్రధానోపాధ్యాయుడు డంబుల్‌డోర్ మంచితనం వెనక లెక్కలు కనిపిస్తాయి.