విరోధి దళ నేతా, ప్రతిపక్ష నాయకుడా?

సందేహం: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒడిశాలో 2024లో ప్రభుత్వం మారిన సంగతిని మా అమ్మాయి తెలుగులో ఇలా రాసింది: "విరోధి దళ నేత నవీన్ పట్నాయక్ కొత్త ముఖ్యమంత్రి శపథానికి వచ్చి, ముఖ్యమంత్రికి అభినందించారు." శ్రీకాకుళం నుంచి వచ్చిన మా బావగారు ఇందులో చాలా తప్పులున్నాయన్నారు. ఇవన్నీ సంస్కృత పదాలే కదా, తప్పెలా అవుతాయి?

సమాధానం: మీ అమ్మాయి చెప్పదలచుకున్న సంగతి సరైనదే. 2000 మార్చి నుంచి 24 ఏళ్లకు పైగా ముఖ్యమంత్రిగా ఉన్న నవీన్ పట్నాయక్, 2024 జూన్ 12న భువనేశ్వర్ జనతా మైదానంలో మోహన్ చరణ్ మాఝీ ప్రమాణ స్వీకారానికి హాజరై, వేదిక మీద కూర్చున్నారు. ఆయన శాసనసభలో ప్రతిపక్ష నాయకుడైంది ఆ తర్వాత కొద్ది రోజులకు. 147 స్థానాల సభలో 51 దక్కిన పక్షం నాయకుడు, 78 గెలిచిన పక్షం నాయకుణ్ణి గౌరవించిన సందర్భమది. అంత మర్యాదగల సన్నివేశాన్ని చెప్పే వాక్యంలో మొదటి మాటే 'విరోధి' అయ్యేసరికి తెలుగు చదువరి ఉలిక్కిపడతాడు.

ఒడియాలో 'బిరోధీ దళ నేతా' అన్నది రోజూ పత్రికల్లో కనిపించే గౌరవప్రదమైన మాటే. 'విరోధం' అంటే అడ్డు, వైరుధ్యం అన్న మూలార్థం ఒడియాలో నిలిచింది. మన అలంకార శాస్త్రంలో 'విరోధాభాసం' అన్నప్పుడు కూడా ఆ అర్థమే. కాని వాడుక తెలుగులో విరోధి అంటే పగవాడు. "వాళ్లిద్దరూ విరోధులు" అంటే మాటలు లేవని, ఒకరి గడప ఒకరు తొక్కరని అర్థం.

అయితే 'ప్రతిపక్షం', 'విపక్షం' అన్నవి పుట్టుకతోనే మెత్తని మాటలని అనుకోకండి. అమరకోశం శత్రువు పేర్లు చెబుతూ "ద్విడ్విపక్షాహితామిత్ర దస్యు శాత్రవ శత్రవః" అంటుంది. విపక్షం అక్కడ దస్యువు పక్కనే కూర్చుంది. అందుచేత వ్యుత్పత్తి చూపించి ఒక మాటను ఉంచి మరొక మాటను తోసేయడం నాకు సమ్మతం కాదు. విపక్షంలోని వైరం తెలుగు వాడుకలో అరిగిపోయి 'అవతలి పక్షం' అన్న అర్థం మిగిలింది, విరోధిలోని వైరం అరగలేదు, నిర్ణయించేది అదొక్కటే. మీ ఊళ్లోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా వాదించిందీ వాడుక ప్రామాణ్యం కోసమే. వాడుక ఎంత బలమైనదో మీ ఊరి చరిత్రలోనే మరో నిదర్శనం ఉంది. 1937లో పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి ఒడిశాకు తొలి 'ప్రధానమంత్రి' అయ్యారు. రాష్ట్ర ప్రభుత్వాధినేతకు ఆనాడు ఆ పేరే చెల్లింది. ఈనాడు అలా రాస్తే చదువరి ఢిల్లీ వైపు చూస్తాడు.

'శపథం' కథా ఇలాంటిదే. ఒడియాలో 'శపథ గ్రహణ' అంటే పదవీ ప్రమాణం. తెలుగులో శపథం అనగానే నిండు సభలో భీముడు గుర్తొస్తాడు. "ముఖ్యమంత్రి శపథం చేశారు" అని రాసి మహేంద్రతనయ నదికి ఆవలనున్న పాతపట్నంలో చదివి వినిపిస్తే, "ఎవరి మీద?" అని అడుగుతారు. మనకు ప్రమాణ స్వీకారమే సరైన మాట. 'దళం' కూడా మనకు తులసిదళమో, అడవిలో తిరిగే సాయుధ దళమో అవుతుంది గాని, పార్టీ పేరులో తప్ప రాజకీయ పక్షం కాదు.

ఈ మూడింటినీ ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు తప్పుపట్టనక్కర్లేదు; రెండు భాషల మధ్య బతికేవాళ్ల నోట అవి సహజంగానే వస్తాయి. నేను తప్పకుండా దిద్దుకోమనేది విభక్తి ఒక్కటే. ఒడియాలో 'కు' ప్రత్యయం ద్వితీయకూ చతుర్థికీ కూడా సరిపోతుంది. 'ముఖ్యమంత్రీంకు' అంటే 'ముఖ్యమంత్రిని' అనీ అవుతుంది, 'ముఖ్యమంత్రికి' అనీ అవుతుంది. తెలుగులోనూ కి, కు ఉండటంతో, వినడానికి ఒకేలా ఉన్న ఆ ప్రత్యయం చడీచప్పుడు లేకుండా మన వాక్యంలోకి వచ్చేస్తుంది. తెలుగులో 'అభినందించు' సకర్మక క్రియ, దాని కర్మకు ద్వితీయే రావాలి: ముఖ్యమంత్రిని అభినందించారు. 'కి' ఉంచాలనుకుంటే క్రియను మార్చాలి: ముఖ్యమంత్రికి అభినందనలు తెలిపారు. ఈ రెండూ కలిసిపోయి పుట్టిందే "ముఖ్యమంత్రికి అభినందించారు". సరిహద్దు జిల్లాల నుంచి నాకు వచ్చే ఉత్తరాల్లో ఇది తరచూ కనిపిస్తుంది, "నాన్నకు చూశాను" అన్న వాక్యంతో సహా.

మీ అమ్మాయి వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "నేటి ప్రతిపక్ష నాయకుడు నవీన్ పట్నాయక్ ఆనాడు కొత్త ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారానికి వచ్చి, ఆయనను అభినందించారు." 'విపక్ష నేత' అన్నా చెల్లుతుంది. పొట్టిగా ఉంటుందని 'ప్రతినాయకుడు' అని మాత్రం రాయనివ్వకండి. రావణుడూ దుర్యోధనుడూ ఆ మాటను ఏనాడో తమది చేసుకున్నారు.