మ్యాప్ టెస్టులో 74 అంటే మార్కులు కాదండీ

టెక్సాస్‌లో థర్డ్ గ్రేడ్ చదివే మీ పాపకి స్కూల్లో కంప్యూటర్ మీద పెట్టే మ్యాప్ టెస్టు మ్యాథ్స్‌లో 74 వచ్చిందని, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉందని, ట్యూషన్ పెట్టించాలా అని అడిగారు. ఆ 74 మార్కులు కాదండీ, పర్సెంటైల్. దేశం మొత్తం మీద తన గ్రేడు పిల్లల్ని వంద మందిని తీసుకుంటే సుమారు 74 మంది తనకంటే వెనకో, తనతో సమానంగానో ఉన్నారని అర్థం. సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లకి వచ్చేది 50.

ఇది తెలియక నేను మా వాడిని ఏడిపించాను. సెకండ్ గ్రేడ్‌లో 68 అని చూసి, మన చిన్నప్పుడు నూటికి 68 వస్తే ఇంట్లో ఏం జరిగేదో అదే చేశాను, సాయంత్రమంతా కోప్పడ్డాను. "సగం ప్రశ్నలు చాలా కష్టంగా ఉన్నాయమ్మా" అని వాడంటే సాకు చెబుతున్నాడనుకున్నాను. తర్వాత టీచర్ చెప్పారు, వాడన్నది నిజమేనని. జవాబు కరెక్టయితే కంప్యూటర్ ఇంకా కష్టమైన ప్రశ్న ఇస్తుంది, తప్పయితే తేలికది ఇస్తుంది, అందుకే బాగా చదివే పిల్లలకైనా దాదాపు సగం తప్పుతాయి.

రిపోర్టులో రిట్ అని ఇంకో అంకె ఉంటుంది, ఇప్పుడు నేను ముందు అదే చూస్తాను. గ్రేడు మారినా కొలిచే స్కేలు అదే ఉంటుంది, గోడ మీద పిల్లల ఎత్తు గీసుకున్నట్టే. రెండు మూడు పాయింట్లు తగ్గితే కంగారు పడకండి. ఫాల్ నుంచి స్ప్రింగ్ దాకా అసలు కదలకపోతే మాత్రం టీచర్‌ని కలవండి.

ఏప్రిల్‌లో వచ్చే స్టార్ పరీక్ష వేరు. అది రాష్ట్రం పెట్టేది, థర్డ్ గ్రేడ్‌లోనే మొదలవుతుంది. "అప్రోచెస్" అని వస్తే మనవాళ్ళు ఫెయిలనుకుంటారు, కాదు, అది పాసే. దాని పైన మీట్స్, మాస్టర్స్ ఉంటాయి. పాస్ కాకపోతే అదే గ్రేడులో ఉంచేయాలన్న నిబంధన 2021లోనే తీసేశారు, బదులుగా స్కూల్లో అదనంగా చెబుతారు.

74కి నేనైతే ట్యూషన్ పెట్టించను. ఏ లెక్కలు కష్టంగా అనిపించాయో పాపనే అడగండి. మా వాడు అడగ్గానే చెప్పాడు, గడియారం లెక్కలని. అప్పటికి మా ఇంట్లో ముళ్ళ గడియారమే లేదు.